చిలకలో ప్రాణం, కదురు మొన మీద నిద్ర

మా నాయనమ్మ కండెలు చుడుతూ కథ చెప్పేది. పోచంపల్లి నేత ఇళ్లల్లో కథ కోసమని ఎవరూ పని మానుకుని కూర్చోరు. రాట్నం తిరిగినంతసేపు కథ నడుస్తుంది, దారం తెగితే కథా ఆగుతుంది. ఆ దారం ఎప్పుడు తెగినా, మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కపిల్లగా మార్చి తీసుకుపోయే చోటే తెగేది. ముసలిది కావాలనే తెంపేదేమోనని నాకిప్పుడు అనుమానం.

మొన్న పండక్కి వచ్చిన మా మేనకోడలు ఫోన్‌లో ఏదో ఇంగ్లిష్ నవల చదువుతోంది. ఏం కథే అంటే చెప్పింది. ఒకడు అమ్మాయిని ఎత్తుకుపోయి కోటలో పెడతాడు, ఆ అమ్మాయి మెల్లమెల్లగా వాణ్నే ప్రేమిస్తుంది. దీన్ని డార్క్ రొమాన్స్ అంటారట. పాత రాజకుమారి కథలన్నిటినీ ఇప్పుడిలా తిరగరాస్తున్నారట. "అచ్చం మన బాలనాగమ్మ కథే కదా, ఫకీరు ఏమయ్యాడు మరి?" అన్నాను.

"ఫకీరే హీరో, అత్తా!"

ఆ మాట నాకు ఓ పట్టాన మింగుడుపడలేదు. అందుకని పాత కథలన్నీ మళ్లీ ఒకసారి తిరగేశాను. దొరికిన విశేషాలివి.

బాల్నా ఎవరు?

1868లో లండన్‌లో మేరీ ఫ్రియర్ అనే ఆమె 'ఓల్డ్ డెక్కన్ డేస్' అని ఒక కథల పుస్తకం వేసింది. ఆమె బొంబాయి గవర్నర్ బార్టిల్ ఫ్రియర్ కూతురు. తండ్రి వెంట దక్కన్‌లో గుడారాల్లో తిరిగేటప్పుడు, తోడుగా ఉన్న ఆయా అన్నా లిబెరాటా డిసౌజా చెప్పిన కథల్ని రాసుకుంది. అన్నా వాళ్ల పూర్వీకులు లింగాయతులు, తర్వాత క్రైస్తవం పుచ్చుకున్నారు. ఈ కథలు ఆమెకు వాళ్ల అవ్వ చెప్పినవి.

ఆ పుస్తకంలో మొదటి కథ పేరు 'పంచ్‌కిన్'. ఒక రాజుకు ఏడుగురు కూతుళ్లు. సవతి తల్లి బాధ పెడుతుంది. ఆఖరి పిల్ల తెలివైనది, ఒక రాజు కొడుకును పెళ్లాడి బిడ్డను కంటుంది. బిడ్డ ఉయ్యాలలో ఉండగా ఫకీరు వేషంలో పంచ్‌కిన్ అనే మాంత్రికుడు వచ్చి, ఆమెను చిన్న నల్లకుక్కను చేసి తన వెంట తీసుకుపోతాడు. వెతకబోయిన మొగుడు రాయైపోతాడు. ఆ ఆఖరి పిల్ల పేరేమిటో తెలుసా? బాల్నా.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మన బాలనాగమ్మే కాస్త పేరు కుదించుకుని, మరాఠీ నేల మీదుగా, ఒక ఆయా నోటి మీదుగా లండన్ చేరిందన్నమాట. లేదూ, అటునుంచే ఇటు వచ్చిందో. మన దగ్గర విలన్‌కు 'మాయల మరాఠీ' అని ఇంకో పేరుంది, చూశారుగా. ఇరుగు పొరుగు మీద అనుమానం మనకు కొత్తేం కాదు.

మెడ విరిచే ముందు

ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుందని మనందరికీ తెలుసు. "వాడి ప్రాణమంతా ఆ ఇంటిమీదే ఉంది" అనే బదులు "ఆ చిలకలో ఉంది" అని ఇప్పటికీ అంటాం. పంచ్‌కిన్ కథలో ఆ చిలక చిరునామా వివరంగా ఉంటుంది. లక్షల మైళ్ల అవతల కారడవి, దాని నడుమ గుండ్రంగా తాటిచెట్లు, వాటి నడుమ ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆరు నీళ్లకుండలు, అడుగు కుండ కింద చిన్న పంజరం, అందులో పచ్చటి చిలక. ఆ రహస్యాన్ని ఫకీరు నోటినుంచి తీసింది ఎవరో కాదు, బాల్నాయే. నిన్ను పెళ్లాడతాను గానీ నీకు చావు ఉందా లేదా ముందు చెప్పు అని మాటల్లో పెట్టి లాగింది.

తర్వాత కొడుకు చిలకను పట్టుకొచ్చి ఫకీరు కళ్ల ముందు నిలబడతాడు. ముందు, రాళ్లయిన వాళ్లందర్నీ బతికించమంటాడు. బతికిస్తాడు. అప్పుడు చిలక కుడి రెక్క తుంచుతాడు, ఫకీరు కుడి చెయ్యి ఊడిపడుతుంది. ఎడమ రెక్క, ఎడమ చెయ్యి. కాళ్లు. చివరికి మెడ. మా నాయనమ్మ ఇక్కడ రాట్నం ఆపి, రెండు చేతులతో చూపించేది: "గిట్ల వట్టి గిట్ల ఇరిసిండు బిడ్డా." నాకు నాలుగైదు రోజులు కోడికూర సయించేది కాదు.

చీకటి కథలు కొత్తగా వచ్చాయనేవాళ్లు మా నాయనమ్మ దగ్గర కూర్చోలేదు.

ఇలా ప్రాణాన్ని ఒంటి బయట దాచుకునే కథలు లోకమంతా ఉన్నాయి. జేమ్స్ ఫ్రేజర్ 'గోల్డెన్ బౌ'లో వాటికోసం ఒక అధ్యాయమే కేటాయించాడు, అందులో పంచ్‌కిన్ కూడా ఉన్నాడు. రష్యాలో కొష్చెయ్ అనే మాంత్రికుడు ప్రాణాన్ని సూది మొనలో పెట్టి, సూదిని గుడ్డులో, గుడ్డును బాతులో, బాతును కుందేలులో దాచాడు. వాడూ ఆడవాళ్లను ఎత్తుకుపోయేవాడే. 1910లో స్ట్రావిన్‌స్కీ 'ఫైర్‌బర్డ్' బ్యాలేలో వాడి గుడ్డు స్టేజీ మీదే పగిలింది.

నోము అనే గడువు

ఇక అసలు విషయం. ఎత్తుకొచ్చిన ఫకీరుకు బాలనాగమ్మ ఏం చెప్పింది? నేనొక నోములో ఉన్నాను, అది తీరేదాకా నన్ను తాకడానికి లేదంది. ఉయ్యాలలో వదిలి వచ్చిన బిడ్డ పెద్దవాడై వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ నోము తీరలేదు. పంచ్‌కిన్ కథలో బాల్నా 12 ఏళ్లు గోపురంలో ఉంది. రోజూ పెళ్లికి ఒప్పుకుంటావా అని అడుగుతాడు, రోజూ కాదంటుంది.

ఈ కిటుకు నేతవాళ్లకు బాగా అర్థమవుతుంది. గ్రీకుల 'ఒడిస్సీ'లో పెనెలోపి చేసింది ఇదే. మొగుడు యుద్ధానికి పోయాడు, ఇంటినిండా పెళ్లాడతామనే మగాళ్లు. మామగారికి శవవస్త్రం నేయాలి, అది అయ్యాక చూద్దాం అంది. పగలు నేసేది, రాత్రి దివిటీ వెలుగులో విప్పేది. మూడేళ్లు ఎవరూ కనిపెట్టలేదు. నేసింది విప్పడమంటే నేయడం కన్నా కష్టం. పేక లాగుతుంటే పడుగు నూగులేచి పోతుంది, మూడో రోజుకే పోగులు తెగుతాయి. మూడేళ్లు అదే పడుగుతో నెట్టుకొచ్చిందంటే ఆమె గొప్ప పనిమంతురాలు. ఆ మగాళ్లకు మగ్గం సంగతి ఏమీ తెలియదన్నది కూడా ఖాయం.

రోజూ రాత్రి ఒకే ప్రశ్న

'బ్యూటీ అండ్ ది బీస్ట్'ను మనం డిస్నీ కథ అనుకుంటాం. మొదట దాన్ని పెద్ద నవలలా రాసింది గాబ్రియెల్ ద విల్నెవ్ అనే ఫ్రెంచ్ రచయిత్రి, 1740లో. అది పెద్దవాళ్ల కోసం. అందులో మృగం రోజూ రాత్రి అడిగేది, నా పక్కన పడుకుంటావా అని. 1756లో బోమోన్ అనే పంతులమ్మ దాన్ని ఆడపిల్లల చదువు కోసం కుదించి, ప్రశ్నను నన్ను పెళ్లాడతావా అని మార్చింది. లోకానికి తెలిసింది ఈ రెండోదే.

అంటే ఇప్పటి డార్క్ రొమాన్స్ రచయితలు చీకటిని కొత్తగా పొయ్యడం లేదు, పంతులమ్మ ఉతికి పారబోసిన రంగునే మళ్లీ అద్దుతున్నారు. 2015లో వచ్చిన సారా జె. మాస్ నవల 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' ఈ కథ మీద కట్టిందే. అడవిలో తోడేలును చంపిన అమ్మాయిని అందుకు బదులుగా సరిహద్దు దాటించి తీసుకుపోతారు. మా మేనకోడలి ఫోన్‌లో ఉన్నది ఈ కోవదే. ఇప్పటి పుస్తకాల్లో ఒక మర్యాద మాత్రం నాకు నచ్చింది. చాలామంది రచయితలు మొదటి పేజీలోనే, ఇందులో నిర్బంధం ఉంది, హింస ఉంది, చూసుకుని చదవండి అని రాస్తారు. మా నాయనమ్మ అలాంటిదేమీ చెప్పేది కాదు.

గోటి కింద పీచు

నిద్రపోయిన రాకుమారిని ముద్దుతో లేపారని కదా చెబుతారు. నేపుల్స్‌వాడైన జంబాత్తిస్తా బసీలె రాసింది వేరు. ఆయన పోయాక 1634, 1636 మధ్య అచ్చయిన కథల్లో ఆ అమ్మాయి పేరు తాలియా. వడుకుతుండగా అవిసె నార పీచు గోటి కింద గుచ్చుకుని పడిపోతుంది. వేటకొచ్చిన రాజు నిద్రలో ఉన్న ఆమెతోనే కూడి తన దారిన తను పోతాడు. ఆమె నిద్రలోనే కవలల్ని కంటుంది. పాలకోసం తడుముకున్న పసిబిడ్డ తల్లి వేలు చీకితే, పీచు బయటికొచ్చి మెలకువ వస్తుంది. పైగా ఆ రాజుకు అప్పటికే పెళ్లయింది. ఆ పెళ్లాం ఈ పిల్లల్ని వండించబోతుంది.

1697లో షార్ల్ పెరో దీన్ని కడిగి ఆరేశాడు. రాజు పెళ్లాన్ని తీసేసి, మనుషుల్ని తినే అత్తను పెట్టాడు. 1812లో గ్రిమ్ అన్నదమ్ములు అత్తనూ తీసేశారు, కథ పెళ్లితో ఆగింది. 1983లో ఆన్ రైస్ మారుపేరుతో ఇదే కథను పెద్దలకు మాత్రమే అన్నట్టుగా రాసింది.

నేతింటి ఆడపిల్లగా నాదొక మాట. కదురు మొన గుచ్చుకోవడం మాకు రోజూ ఉండేదే. ఎవరికీ నూరేళ్ల నిద్ర పట్టలేదు. పడితే బాగుండని అనుకున్న రోజులున్నాయి.

ముగ్గురు పిన్నమ్మలు, ఒక ఆసు

గ్రిమ్ పుస్తకంలో పద్నాలుగో కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒక బద్ధకస్తురాలైన పిల్లను రాణి తీసుకుపోయి మూడు గదుల నిండా నార పోసి, ఇదంతా వడికితే నా కొడుకుతో పెళ్లి అంటుంది. పిల్ల ఏడుస్తుంటే ముగ్గురు ముసలివాళ్లు వస్తారు. ఒకామెకు పాదం చేటంత. ఒకామెకు కింది పెదవి గడ్డం మీద వేలాడుతుంది. మూడో ఆమె బొటనవేలు అప్పడమంత. మేం వడికిపెడతాం, పెళ్లికి మాత్రం మమ్మల్ని పిన్నమ్మలని చెప్పి పంక్తిలో కూర్చోబెట్టు అంటారు. పెళ్లిలో పెళ్లికొడుకు అడుగుతాడు, నీ పాదమేమిటి ఇలా? తొక్కీ తొక్కీ. పెదవి? తడిపీ తడిపీ. బొటనవేలు? దారం మెలిపెట్టీ మెలిపెట్టీ. వాడు హడలిపోయి, నా పెళ్లాం ఇక జన్మలో రాట్నం ముట్టదు అని ప్రమాణం చేస్తాడు.

ఇందులో మంత్రం ఏమీ లేదు. పని ఒంటిని ఏం చేస్తుందో చెప్పే కథ ఇది.

మా వైపు దాని పేరు ఆసు. దారానికి కట్లు కట్టి రంగులో ముంచే చిటికి పనికి ముందు, పట్టుదారాన్ని అర్ధచంద్రంలా దిగేసిన మేకుల చుట్టూ చేత్తో పోసుకోవాలి. ఒక చీరకు చెయ్యి అటూ ఇటూ సుమారు 9000 సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలైతే 18000 సార్లు. అది ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ల పనే. రాత్రికి భుజం ఎత్తలేక అన్నం ఎడమ చేత్తో కలుపుకున్నవాళ్లను చూశాను. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మిగారు పడే బాధ చూడలేక ఆసు పోసే యంత్రం చేయబూనాడు. ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు, 1999లో అది ఆడింది. అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసుయంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. గ్రిమ్ కథలో పెళ్లాం రాట్నం ముట్టనక్కర్లేదని రాజకుమారుడు ఉత్త మాట ఇచ్చి ఊరుకున్నాడు. ఇక్కడ కొడుకు మోటారు బిగించాడు.

వడుకు, లేదా చావు

'రంపెల్‌స్టిల్ట్‌స్కిన్' కథలో, బంగారం వడికిపెట్టి బదులుగా బిడ్డను అడిగిన మరుగుజ్జును అందరూ తిట్టుకుంటారు. నా కోపం రాజు మీద. తెల్లారేలోపు ఈ గడ్డిని బంగారు దారంగా వడకకపోతే చంపేస్తానన్నవాడు, మూడు రాత్రులయ్యాక ఆ పిల్లనే పెళ్లాడతాడు. దాన్ని సుఖాంతం అన్నారు. ఫకీరే హీరో అన్న మా మేనకోడలిని తప్పుపట్టే ముందు ఈ రాజుగారిని ఏమనాలో మనం తేల్చుకోవాలి.

గ్రిమ్‌లు 1810లో రాసిపెట్టుకున్న చిత్తుప్రతిలో ఈ కథ తిరగబడి ఉంటుంది. ఆ పిల్ల ఏది వడికినా బంగారమే అవుతుంది, మామూలు దారం రాదు. అదే ఆమె ఏడుపు.

గ్రిమ్‌లు అచ్చయ్యాక మార్చిన కథలూ ఉన్నాయి. స్నోవైట్‌ను మొదట చంపబోయింది సవతి తల్లి కాదు, కన్నతల్లే. 1812 ముద్రణలో అలాగే ఉంది. 1819లో మార్చేశారు.

ఎవరొచ్చి విడిపించారు?

పెరో 1697 పుస్తకంలోనే 'బ్లూబియర్డ్' ఉంది. పెళ్లాలను చంపి గదిలో దాచే నీలిగడ్డంవాడు. కొత్త పెళ్లాం వద్దన్న గది తలుపు తీస్తుంది. ఆమెను కాపాడింది అన్నలు. 1979లో ఏంజెలా కార్టర్ 'ది బ్లడీ చేంబర్'లో ఇదే కథను తిరగరాసి, గుర్రమెక్కి వచ్చిన తల్లి చేత వాణ్ని కాల్పించింది. బాలనాగమ్మకు కొడుకు వచ్చాడు. అన్నలు, అమ్మ, కొడుకు. మొగుళ్లు ఏ పనికీ రాలేదు. బాలనాగమ్మ మొగుడైతే రాయై పడున్నాడు.

కార్టర్ పుస్తకంలోనే 'ది టైగర్స్ బ్రైడ్' అని ఇంకో కథ. ఇందులో మృగం మనిషిగా మారదు. పులి నాలుకతో నాకుతుంటే అమ్మాయి చర్మం పొరలు పొరలుగా పోయి ఆమే పులి అవుతుంది.

పులి అంటే మావాళ్లకు భయం కన్నా చుట్టరికం ఎక్కువ. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషిని పులితో కలిపే చూపిస్తారు. ఆయనకు సూర్యుడి కూతురు భద్రావతితో జరిగిన పెళ్లి ముచ్చటను కూనపులివాళ్లు ఇంటింటి ముందూ పటం వేలాడదీసి చెప్పేవాళ్లు. చేర్యాల నకాశీలు గీసిన ఆ బారెడు బారెడు పటాలు ఎర్రటి నేల మీద గళ్లుగళ్లుగా ఉంటాయి. ఒక్కో గడి మీద కర్ర పెట్టి పాడుతుంటే పిల్లల కళ్లు కర్ర వెంట జరిగేవి. కథ చెప్పేవాళ్ల కులం పేరులోనే పులి ఉంది. పులిని పెళ్లాడే కథ వాళ్లకు కొత్తగా అనిపించి ఉండదు.

ఎస్వీఆర్ సంగతేమిటి?

బాలనాగమ్మ 1942లో ఒకటి కాదు, రెండు సినిమాలయింది. జెమినీవాళ్ల దాంట్లో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, పుష్పవల్లి ఆ మరాఠీ ప్రియురాలు సంగు. పోటీగా వచ్చింది 'శాంత బాలనాగమ్మ'. 1959లో వేదాంతం రాఘవయ్య మళ్లీ తీస్తే అంజలీదేవి, ఎన్టీఆర్, మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు. సురభి నాటకంవాళ్లు ఇప్పటికీ స్టేజీ మీద మంటలు, మాయలు పెట్టి ఆడుతూనే ఉన్నారు.

ఎస్వీఆర్ అంతకుముందే 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు. కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్న ఆ కథలోనూ రాకుమారిని ఎత్తుకుపోయి పెళ్లాడమంటాడు. అది విడుదలైంది 1951 మార్చి 15న.   

మా మేనకోడలు ఇక్కడ నన్ను పట్టేసింది. "మరి మీరు థియేటర్‌కి హీరో తోటరాముడి కోసం పోయేవాళ్లా, మాంత్రికుడి కోసమా?" నిజం చెప్పాలంటే, ఎస్వీఆర్ కోసమే. ఆ గొంతు, ఆ నడక. ఫకీరును మేమూ ప్రేమించాం, పుస్తకంలో రాసుకోలేదంతే.

ఇంకో రెండు ముక్కలు

చిలక ప్రాణం దాచడానికే కాదు, కాపలాకూ పనికొస్తుంది. శుకసప్తతి కథల్లో మొగుడు ఊళ్లో లేనప్పుడు ప్రియుడి కోసం బయల్దేరిన ఇల్లాలిని చిలక రోజుకో కథ చెప్పి తెల్లారేదాకా ఆపుతుంది. అయ్యలరాజు నారాయణామాత్యుడి 'హంసవింశతి'లో ఆ పని హంస చేస్తుంది. రాజు దగ్గరికి బయల్దేరిన హేమవతిని 20 రాత్రులు కూర్చోబెడుతుంది. బాలనాగమ్మ నోముతో గడువు లాగితే, ఇక్కడ పక్షులు కథలతో లాగాయి.

తిరగరాయడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోలేదు. ఓల్గా 'విముక్త' కథల్లో సీత వెళ్లి శూర్పణఖను కలుస్తుంది. కోసిన ముక్కుతో బతికిన ఆ ఆడమనిషి పూలతోట పెంచుకుంటూ ఉంటుంది. 2015లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఎత్తుకుపోయినవాణ్ని హీరో చేయకుండానే పాత కథను తలకిందులు చేయొచ్చని మా మేనకోడలికి ఆ పుస్తకం ఇచ్చాను. చదువుతానంది. ఇంకా ఫోనే చూస్తోంది.

వెళ్లేముందు ఆ పిల్లను మా పక్కింటి మగ్గం దగ్గరికి తీసుకుపోయాను. గుంటలో కూర్చుని ఆయన చిలకల చీర నేస్తున్నాడు. చిటికిలో బొమ్మ నేతకు ముందే దారంలో ఉంటుంది. రంగు అంటకూడని చోట రబ్బరు చుట్టి ముంచుతారు. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరిగినా చిలక ముక్కు మసకేస్తుంది. కొంగు మీద వరసగా ఎనిమిది చిలకలు.

"ఫకీరు ప్రాణం వీటిల్లో ఎందులో ఉంది తాతా?" అని అడిగింది.

ఆయన నాడె ఆపి, అయిదో చిలక మీద వేలు పెట్టాడు. దాని ముక్కు రంగు పాకి, ఎర్రటి మరకై మెడదాకా దిగింది.

"గిండ్లనే ఉన్నది బిడ్డా. గిది జూస్తే సేటు చీర తీస్కోడు."